అందరివి అయినయా?

ఫోను కరీంనగర్ నుంచి వచ్చింది. ఆదిలాబాదులో మా జిన్నింగు మిల్లు ఆఫీసు. సాయంత్రం, మిషన్లు ఆగిపోయి, దూది మాత్రం గాలిలో ఇంకా తిరుగుతున్న వేళ. ఫోనులో మాధవన్న. "అక్క పోయింది సారూ" అన్నాడు. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి, మా కంప్యూటర్ల బాధ్యత చూసే మారుతి పెద్ద మిషన్ ముందు నిలబడి రోజూ అడిగినట్టే గుమాస్తాలను అడుగుతున్నాడు.

"అందరివి అయినయా?"

ఆ మాట వాడిది కాదు. వాడికీ నాకూ దాన్ని నేర్పిన మనిషే పోయిందని ఇప్పుడు కబురు. ఎలా చెప్పాలో తెలియక "ముందు దాన్ని పండవెట్టు మారుతీ, తర్వాత చెప్త" అన్నాను. పండవెట్టుడు కూడా ఆమె మాటే. మిషన్‌ను బంద్ చెయ్యమంటే ఆమెకు కోపం వచ్చేది. "దుకాణం దివాలా తీస్తే బంద్ చేస్తరు. ఇది రేపు మల్ల లేసేదుంది, పండవెట్టాలె" అనేది.

తొంభైల మొదట్లో మాధవన్న కరీంనగర్ బస్టాండుకు దగ్గర, ఒక ఎరువుల దుకాణం పైన కంప్యూటర్ సెంటరు పెట్టాడు. వాళ్ళది ధర్మపురి దగ్గర ఊళ్ళో భూములున్న ఇల్లు. వానతో వాదించలేక పట్నం వచ్చానని చెప్పుకునేవాడు. పాఠాలు చెప్పడానికి నన్ను పెట్టుకున్నాడు, తాళాలు ఉంచుకోవడానికి అక్కను తెచ్చుకున్నాడు. తాళం చేతికిస్తే ఇల్లే తనదనుకునే రకం ఆమె. నెల తిరిగేసరికి సెంటరు ఆమెదైంది, మేమిద్దరం దానికి వచ్చిపోయే చుట్టాలమయ్యాం.

అప్పటికి ఆమెకు యాభై ఉంటాయేమో. నెత్తిన ముందు భాగంలోనే నెరిసిన జుట్టు, బొడ్లో తాళాల గుత్తి, చేతిలో ఎప్పుడూ అడకత్తెర. వక్క కత్తిరించనిదే ఆమెకు ఆలోచన తెగేది కాదు. కంప్యూటర్ వైరస్ అంటే చెప్పులతో వచ్చే జబ్బని ఆమె గట్టి నమ్మకం. అందుకే అందరి చెప్పులూ మెట్ల కిందనే ఉండేవి, సాయంత్రానికి సగం జతలు మారిపోయేవి. ఎవరైనా మిషన్ దగ్గర తుమ్మితే బయటికి పంపి నీళ్ళు తాగించి తెచ్చేది. రాహుకాలంలో సర్వర్‌ను లేపేది కాదు. సోమవారం పొద్దున బ్యాచి పిల్లలు జగిత్యాల, పెద్దపల్లి బస్సులు దిగి వచ్చి ఆ కాలం గడిచేదాకా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళు విసుక్కోకుండా సకినాల డబ్బా మూత తీసేది. ఫీజుకు తగ్గ చదువు వచ్చిందో లేదో గాని, మా సెంటర్లో చదివినవాళ్ళంతా కాస్త ఒళ్ళు చేసి వెళ్ళారు.

ఆమెకు ప్రోగ్రాం రాయడం రాదు. నేర్పుతానంటే "నాకెందుకు సారూ, గది మీ పోరగాండ్ల రోగం" అనేది. సర్వర్‌ను లేపడం, పండబెట్టడం, ఈ రెండే ఆమె పని. వాటిలో మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

సర్వర్ అంటే మా గదిలో మూలకున్న పెద్ద మిషన్. మిగిలినవి పిల్ల మిషన్లు. వాటికి తెర ఉంది, మీటలు ఉన్నాయి గాని సొంతంగా ఏదీ దాచుకునే డిస్కు లేదు. పొద్దున పెద్దది లేస్తేనే అవి లేస్తాయి. పిల్లలు చేసిన పని అంతా వెళ్ళి పెద్దదాని కడుపులోనే పడుతుంది. పెద్దది చెప్పకుండా ఆగిపోతే పిల్లవి ఉన్నచోటే కొయ్యబారతాయి, అప్పటిదాకా దాచుకోని పని గంగలో కలిసినట్టే. అది ఉన్నపళంగా ఆగితే లోపలి డిస్కు కూడా చెడవచ్చు. ఒకసారి చెడింది కూడా. దాన్ని గుడ్డలో చుట్టుకొని మాధవన్న హైదరాబాదు పోయి, ఏడుపు మొహంతో తిరిగి వచ్చాడు.

మిషన్లు బిగించిన ఇంజనీరు ఆపే పద్ధతి ఇంగ్లీషులో చెప్పాడు. మాధవన్న తలూపాడు. నేను అక్కకు తెలుగులో చెప్పాను. ముందు పిల్లవాటిని ఒక్కొక్కటిగా ముగించాలి, అన్నీ అయ్యాక పెద్దదాన్ని ఆపాలి. ఆమె వక్క కత్తిరించి నోట్లో వేసుకుంది.

"గింతేనా? బంతి లేపుడే గదా."

బంతి అంటే భోజనాల వరుస. మా వైపు ఇంటి పెద్ద వరుస మొదట్లో కూర్చుంటాడు. ఆయన లేచాడంటే బంతి లేచినట్టే, ఎవరి విస్తరిలో ఏమున్నా చెయ్యి కడుక్కోవాల్సిందే. అందుకని తెలిసిన పెద్ద తన తిండి అయిపోయినా లేవడు. చెయ్యి ఎండిపోతున్నా కూర్చుని వరుస చివరిదాకా చూసి, అందరివీ అయ్యాయా అని అడిగి, అప్పుడు లేస్తాడు. అక్క మా సర్వర్‌ను ఆ పెద్ద స్థానంలో కూర్చోబెట్టింది.

సాయంత్రం అడకత్తెర పట్టుకుని మొదటి కుర్చీ నుంచి బయల్దేరేది. "అయిందా బిడ్డా? దాసిపెట్టుకున్నవా?" ఒక్కొక్కరినీ అడిగేది, ఒక్కొక్కరూ నోటితో చెప్పాలి. తలూపితే చెల్లదు. ఒకసారి ఒకడు ఆలస్యం చేస్తుంటే నేనే వాడి మిషన్ ముగించబోయాను. నా చెయ్యి మీద అడకత్తెరతో ఒక్కటి తగిలించింది. "ఒకల్ల విస్తరి ఇంకొకలు మడుస్తరా సారూ? ఎవ్వలిది వాళ్ళే మడవాలె."

చివర సర్వర్ ముందు కూర్చుని కళ్ళద్దాలు సర్దుకునేది. "డీ... ఓ... డబ్లూ... ఎన్" అని పైకి చదువుతూ ఒంటి వేలితో కొట్టేది. తెర మీద రెండు ముక్కల ఇంగ్లీషు వచ్చేది. రోజూ అదే మాట, ఆమెకు కంఠతా వచ్చు. అయినా నన్ను పిలిచేది.

"ఏమంటుంది సారూ?"

"ఇగ నన్ను ఆపొచ్చు అంటుందక్కా."

"జర ఆగు, సల్లవడనీ." మిషన్ నెత్తిన అరచెయ్యి పెట్టి, లోపలి గరగర ఆగేదాకా ఉండి, అప్పుడు మీట నొక్కి, పాత పట్టుచీర ముక్క కప్పేది. ఆమె ఈ తంతు ముగించేలోపు నేను పోవాల్సిన సినిమాలో మొదటి పాట అయిపోయేది. మనసులో తిట్టుకునేవాణ్ణి.

మారుతి మా సెంటర్లో చదువుకోవడానికి జైనూర్ నుంచి వచ్చాడు. తెలివైనవాడు. వాడితో ఒకటే ఇబ్బంది, అన్నం. వాడు అన్నం తినడు, దానికి లగ్గం చేస్తాడు. పప్పు పోసుకుని, కలిపి, ముద్ద చేసి, ఆ ముద్దను కాసేపు చూసి, అప్పుడు నోటి దాకా తెస్తాడు. సెంటరుకు ఎదురుగా రోడ్డవతల ఉన్న మెస్సులో వాడు కూర్చున్నాడంటే, వాడి తర్వాత వచ్చినవాళ్ళు తిని, బీడీ కాల్చి, వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పుడు ఆదిలాబాదు మిల్లొకటి కంప్యూటర్ తెచ్చుకుని, నడిపే మనిషి కోసం చూస్తోంది. మార్కెట్టుకు వచ్చే పత్తి బండ్ల తూకాలు లెక్కగట్టే ప్రోగ్రాం చేసి చూపిస్తే మారుతిని తీసుకుంటామన్నారు. మేనేజరు మర్నాడు పొద్దున్నే వస్తాడు, అటునుంచి అటే హైదరాబాదు పోతాడు. మారుతి ఆ రోజు పొద్దుటి నుంచి తల ఎత్తకుండా పని చేస్తున్నాడు. అంతకు ముందు వారమే తోటి పిల్లలు వాడు లేనప్పుడు వాడి ప్రోగ్రాంలో దూరి, పత్తికి బదులు గాడిదలను తూచే ఏర్పాటు చేశారు. అందుకని ఆ రోజు మధ్యాహ్నం లేస్తూ మీటలకు పాస్‌వర్డ్ వేసి, దాచుకోవాల్సింది మాత్రం మర్చిపోయి అన్నానికి పోయాడు. ఆ పాస్‌వర్డ్ వాడికి, ఆ దేవుడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాడు మెస్సు గడప దాటాడో లేదో కరెంటు పోయింది.

కరెంటు పోవడం మాకు కొత్త కాదు. బ్యాటరీలు అందుకున్నాయి. కాని అవి మాధవన్న అడ్డికి పావుసేరుకు తెచ్చిన పాతవి. ఆ రోజు అందుకున్న కాసేపటికే కీ కీమని కూత మొదలుపెట్టాయి. అక్క లేచి కుర్చీలు తిరిగింది. పిల్లలంతా దాచుకుని, "అయిందక్కా" అని లేచారు. మారుతి మిషన్ ఒక్కటే తాళం వేసుకుని కూర్చుంది.

"పండవెట్టు అక్కా, జల్ది!" అన్నాడు మాధవన్న.

"ఇంకొకరిది కాలే."

నేను బాల్కనీ లోంచి తొంగి చూశాను. మెస్సు తలుపులోంచి మారుతి కనిపిస్తున్నాడు. అప్పుడే పప్పు పోయించుకుంటున్నాడు. ప్రాణం లేచి వచ్చింది. "తింటుండక్కా, గిక్కడ్నే ఉన్నడు. కేకెయ్యాల్నా?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "తింటున్న మనిషిని లేపుతవా సారూ? ఏం సదువు సదివినవ్?"

"డిస్కు పోతదక్కా! అందరి పని పోతది. ఒక్కని కోసం అందరిది ముంచుతవా?" అన్నాడు మాధవన్న. ఆయన అన్నది నిజం. నేనూ అదే అన్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా అదే అంటాను.

అక్క చేతిలో అడకత్తెర ఊరికే తెరిచింది, మూసింది. తర్వాత తమ్ముడివైపు తిరిగింది. "లేసినోళ్ళ మిషన్లన్ని తీసెయ్. ఫ్యాను తీసెయ్. గా పెద్దదాని తెర సుత ఆపు, సూసేటందుకు ఇప్పుడెవలున్నరు? చమురు తక్కువుంటే దీపాలు తగ్గిస్తం గని, తింటున్నోని ముంగట దీపం తీస్తమా?"

అన్నీ తీసేశాక బ్యాటరీ కూత కాస్త నెమ్మదించింది. అక్క నాతో అన్నది: "నువ్వు పోయి పిలగాని పక్కకు కూసో. చెయ్యి కడుక్కున్నంక చెప్పు. తినంగ చెప్తే గొంతుల పడ్తది. గా పాపం నీకే."

పోయాను. ఏం చేస్తాను?

మారుతి నన్ను చూసి సంతోషించాడు. "రాండ్రి సార్, తిన్నరా? వంకాయ మస్తుంది" అన్నాడు. తిన్నానన్నాను. వాడు పప్పు ముద్ద చేశాడు. చూశాడు. తిన్నాడు. రోడ్డవతల బాల్కనీలో మాధవన్న రెండు చేతులతో తల పట్టుకుని కనిపిస్తున్నాడు. చెబుదామని నోటి దాకా వచ్చింది, వాడు సరిగ్గా అప్పుడే ముద్ద పెట్టుకున్నాడు, మింగేశాను. వడ్డించే అతను చారు తెచ్చాడు. వద్దనరా నాయనా అనుకున్నాను.

"ఇంకొంచెం పొయ్యి" అన్నాడు మారుతి.

చారు అయ్యాక పెరుగు. పెరుగులో కలుపుకోవడానికి ఉప్పు. ఉప్పు ఎక్కువైందని ఇంకాస్త అన్నం. ఆ రోజు దాకా నాకు దేవుడి మీద పెద్దగా గురి లేదు. ఆ పెరుగన్నం ముందు ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకున్నాను. చివరికి వాడు విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి, నా వైపు తిరిగాక చెప్పాను. వాడు మెట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోకుండా ఎక్కాడు.

పైన బ్యాటరీ ప్రాణం పోయేలా అరుస్తోంది. మారుతి తడి చేతులతో మీటల మీదికి ఉరికాడు. అక్క అడ్డుపడింది. "చేతులు!" అని తన కొంగు చాపింది. వాడు ఆ కొంగుకు తుడుచుకుని, పాస్‌వర్డ్ కొట్టి, పని దాచుకుని, మిషన్ ముగించాడు.

"అయిందా బిడ్డా?"

"అయిందక్కా."

అయిపోయిందనుకున్నాం. ఆమె మొదటి కుర్చీ దగ్గరికి నడిచింది. మళ్ళీ వరుసంతా అడగడానికి.

"అక్కా! ఎవ్వల్లేరు! కుర్చీలున్నయి!" మాధవన్న ఏడ్చినంత పని చేశాడు.

"కుర్చీలనే అడుగుత. నీకేంది?"

అడిగింది. తర్వాత వచ్చి, పెద్దదాని తెర వెలిగించి, కళ్ళద్దాలు సర్దుకుని, "డీ... ఓ..." మొదలుపెట్టింది. "ఏమంటుంది సారూ?" అంటే "ఆపొచ్చంటుందక్కా, నీ కాల్మొక్త, ఆపు" అన్నాను. అరచెయ్యి పెట్టి, చల్లబడనిచ్చి, మీట నొక్కింది. పట్టుచీర ముక్క కప్పింది. కప్పిందో లేదో గదిలో ట్యూబులైటు వెలిగింది. కరెంటు వచ్చింది.

మాధవన్న మెట్ల మీద కూలబడి నవ్వాడో ఏడ్చాడో తెలియదు. నాకు మాత్రం కోపం ఆగలేదు. "నడిమిట్ల బ్యాటరీ పోతే ఏం చేద్దువక్కా? గా పిలగాన్ని జర గట్టిగ పిలిస్తే ఏం పోయేది?" అని నిలదీశాను. ఆమె కింద కూర్చుని వక్క తీసింది. చాలాసేపు కత్తిరించలేదు.

"నా లగ్గంనాడు" అన్నది, "బంతిల మా బాపు ముంగట కూసున్నడు. ఆఖరున ఒక ముసలాయన. నా పెండ్లి చీర నేసిన సాలాయన. నలుగురు పిల్లలను ఇంటికాడ ఇడిసిపెట్టి, పిలిస్తె వచ్చిండు. ఆయన ముంగటికి వడ్డన వచ్చేటాల్లకే సగం బంతి అయిపోయింది. అప్పుడే కలుపుకున్నడు. గంతల తాసీల్దారు జీపు వచ్చింది. బాపు లేసిండు. బాపు లేస్తే బంతంత లేసింది. ముసలాయన సుత లేసిండు. చెయ్యి కడుక్కుంట విస్తరి దిక్కు సూసిండు. ఆయన నేసిన చీర నా ఒంటి మీద, ఆయన కలిపిన బువ్వ విస్తర్ల. నేను పీటల మీద కూసున్న పెండ్లిపిల్లను. ఆగుండ్రి అనెటందుకు నాకు నోరు లేదు."

వక్క కత్తిరించింది. "ఇప్పుడున్నది."

ఆ ముసలాయన విస్తరి నాకు ఇప్పటికీ గుర్తే. కాని బ్యాటరీ పోతే ఏం చేసేదన్న నా ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేదన్నది కూడా గుర్తే. చెప్పకుండా తప్పించుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

మర్నాడు మేనేజరు వచ్చాడు. ప్రోగ్రాం బండ్లను సరిగ్గానే తూచింది. మారుతి ఆదిలాబాదు పోయాడు. కొన్నాళ్ళకు కరీంనగర్లో గల్లీకో సెంటరు లేచి మాది మూతబడ్డాక, నాకు ఈ మిల్లులో కుర్చీ వేయించింది కూడా వాడే. ఇప్పుడు నేను వాడి కింద పని చేస్తున్నాను. ఈ సంగతి అక్కకు చెబితే నవ్వి నవ్వి వక్క గొంతులో పడింది.

ఆమె పెద్దకర్మకు మారుతీ నేనూ కలిసి వెళ్ళాం. వాళ్ళ ఊళ్ళో, షామియానా కింద, బంతి భోజనాలు. పెద్ద స్థానంలో మాధవన్న, పక్కన నేను. మారుతి వడ్డించేవాళ్ళకు సాయం చేసి ఆలస్యంగా వచ్చి వరుస చివర కూర్చున్నాడు. మాధవన్నకు ఏమీ సహించలేదు, నాలుగు మెతుకులు కెలికి ఊరుకున్నాడు.

ఇంతలో రోడ్డు మీద కార్లు ఆగాయి. ఎమ్మెల్యే. పరామర్శకు వచ్చాడు. నలుగురు ముందు ఉరికి వచ్చి "అన్నా, సారొచ్చిండు" అన్నారు. మాధవన్న ఎడమ చెయ్యి నేల మీద ఆనించి లేవబోయాడు. ఆయన మోకాలు లేచిందో లేదో, పక్కవాళ్ళూ, ఆ పక్కవాళ్ళూ విస్తర్లు మడవడం మొదలుపెట్టారు. నేనూ నా విస్తరి అంచు పట్టుకున్నాను.

మాధవన్న సగంలో ఆగాడు. ఒక్క క్షణం అలాగే, కూర్చున్నట్టూ కాదు, లేచినట్టూ కాదు. తర్వాత మెల్లగా కిందికి దిగి సర్దుకుని కూర్చున్నాడు. ఎమ్మెల్యేకు కూర్చున్న చోటు నుంచే ఎడమ చేత్తో దండం పెట్టి, కుర్చీ వెయ్యమని సైగ చేశాడు. ఎండిన కుడిచెయ్యి విస్తరి మీదే ఉంచి, మెడ సాచి, వరుస చివరిదాకా చూశాడు.

"అందరివి అయినయా?"

విస్తర్లు మడుస్తున్న చేతులు ఆగాయి. ఎమ్మెల్యే కుర్చీ అంచున కూర్చుని ఇటే చూస్తున్నాడు. చివర నుంచి మారుతి తల వంచుకునే అన్నాడు.

"జర ఆగుండ్రి అన్నా. ఇప్పుడే పెరుగు పోసుకున్న."

ఆగాం.